మూడు గంటలు దాటిన అన్నం

మా ఇంట్లో వండిన ప్రతి గిన్నె మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి ఉంటుంది. ఆస్పత్రిలో సెలైన్ సూది కదలకుండా చేతికి అంటిస్తారే, ఆ ప్లాస్టరే. దాని మీద పెన్నుతో వండిన టైము రాస్తాను. పప్పు, తొమ్మిదీ పది. అన్నం, తొమ్మిదీ నలభై. మూడు గంటలు దాటిందంటే పారేస్తాను. వీధిలో తిరిగే ఆవుకి కూడా పెట్టను, దానికేమైనా అయితే ఆ పాపం కూడా నా నెత్తినే పడుతుంది. నాకు పిచ్చని మా ఆయన అంటాడు, మా ఆడపడుచు అంటుంది, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా లైను ఆడవాళ్లంతా అంటారు. అననీ. వాళ్లెవరూ నా గిన్నెలు తోమడానికి రారు కదా.

ఈ భయం నాకు పుట్టుకతో రాలేదు. ఒక అబద్ధం ఆడాను, దాని వెనకాలే వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన మరుసటేడు పెళ్లయి రాయ్‌పూర్ వచ్చాను. మా ఆయన రైల్వే వ్యాగన్లు రిపేరు చేసే వర్క్‌షాపులో ఫిట్టరు. మామగారు కూడా అందులోనే చేసి, నేను రాకముందే పోయారు. మా అత్తది శ్రీకాకుళం పక్క పల్లె. ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నా ఆవిడ నాలుక మీద హిందీ నిలవలేదు, కూరలవాడితో కూడా "ఏటి బాబూ, కిత్నా" అనేది. నాది విజయనగరం. ఇంటర్ పాసయ్యాను. ఆ పొగరు నాకు బాగా ఉండేది, ఇప్పుడు లేదని చెప్పను.

ఆవిడకో తరవాణి కుండ ఉండేది. వెనక వరండాలో, ఎండ తగలని మూల, ఇటుకల మీద. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు అందులో పోసి, రెండు నిమ్మాకులు తుంచి వేసి మూత పెట్టేది. అది పులిసేది. పొద్దున్నే ఆ నీళ్లలో రాత్రి మిగిలిన అన్నం పిసికి, ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేది. ఇక్కడి వేసవికి అదే మందని ఆవిడ నమ్మకం. కుండని ఎప్పుడూ పూర్తిగా ఒంపకూడదు. అడుగున ఒక గ్లాసుడు పాతది ఉంచి, దాని మీదే కొత్త గంజి పొయ్యాలి. కుండలు పగిలి మారాయి గానీ ఆ పులుపు మాత్రం ఆవిడ పుట్టింటి నుంచి చెంబులో తెచ్చుకున్నదే. పక్క క్వార్టర్లో ఛత్తీస్‌గఢీ ఆవిడ కూడా ఎండాకాలమంతా నీళ్లు పోసిన చద్దన్నమే తినేది, వాళ్లు దాన్ని బాసీ అంటారు. ఒకరి భాష ఒకరికి రాదు గానీ, చద్ది గురించి ఇద్దరూ గంటసేపు మాట్లాడుకోగలరు.

నాకు ఆ వాసన పడేది కాదు. అత్త కూడా పడేది కాదు. ఆవిడకి నేను పడేదాన్ని కాదు. నేను పోపు వేస్తే దగ్గేది, నేను గిన్నె కడిగితే మళ్లీ కడిగేది. నా కూతురు మాత్రం పుట్టినప్పటి నుంచీ ఆవిడ ఒళ్లోనే ఉండేది. మాటలు వచ్చాక మొదట అడిగిన తిండి ఆ తరవాణే. నేను కష్టపడి మెత్తగా కలిపిన పప్పన్నం ఉమ్మేసి, ఆవిడ పుల్లటి ముద్దకి నోరు తెరిచేది. నాకు ఒళ్లు మండిపోయేది.

పిల్లకి నాలుగేళ్లప్పుడు, ఒక మే నెల సాయంత్రం బజారుకి తీసుకెళ్లాను. బండి మీద గుప్‌చుప్ తిన్నాం. మన వైపు పానీపూరీ అంటారు కదా, అదే. పిల్లకి బయట తిండి పెట్టొద్దని మా ఆయన గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను వినలేదు. ఆ ఇంట్లో నాకున్న సరదా అదొక్కటి. పిల్ల ఆరు తిని, ఆకు దొన్నెలో మిగిలిన చింతపండు నీళ్లు కూడా తాగేసింది. నాన్నకి చెప్పొద్దన్నాను. తలూపింది. పొద్దున్నే ఎప్పట్లాగే నాన్నమ్మ పక్కన కూచుని రెండు ముద్దలు చద్ది తింది. మధ్యాహ్నానికి వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి కళ్లు లోపలికి పోయాయి. పిలిస్తే పలకలేదు.

ఆస్పత్రిలో పిల్ల చేతికి సూది గుచ్చుతూ డాక్టర్ అడిగాడు, "క్యా ఖిలాయా థా?" ఏం పెట్టారని. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు, పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని. ఆయన ముఖం చూశాను. నా నోట్లోంచి "బాసీ" అని వచ్చింది. "మా అత్త పెట్టింది. రోజూ పెడుతుంది, వద్దంటే వినదు" అని కూడా అన్నాను. అది కూడా అబద్ధమే, నేనెప్పుడూ వద్దనలేదు. డాక్టర్ తల అడ్డంగా ఊపి ఏదో రాసుకున్నాడు. మా ఆయన ఇంటికెళ్లి వాళ్లమ్మని ఏమన్నాడో నేను వినలేదు. గొంతు వీధి చివరి దాకా వినిపించిందని పక్కింటావిడ తరవాత చెప్పింది.

మూడు రోజులకి పిల్లని ఇంటికి తెచ్చాం. రాగానే నేను చేసిన మొదటి పని, వెనక వరండాలోకి వెళ్లి ఆ కుండెత్తి కాలవలో అడుగుదాకా ఒంపేయడం. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాకు రెండింటి మీదా ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ తిరిగి తిట్టి, ఆ కోపంలో నిజం కక్కేసేదాన్నేమో. ఆవిడ తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచి పిల్లకి ముద్ద పెట్టలేదు. పిల్ల ఏడ్చి కొంగు పట్టుకుని లాగినా, "మీ అమ్మ దగ్గరకెల్లు" అనేది. వంట కూడా వేరు పెట్టుకుంది. వరండాలో చిన్న కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు. పండగొచ్చినా అంతే.

గెలిచానని అనుకున్నాను. నిజం చెప్తున్నాను, వారం రోజులు హాయిగానే ఉంది.

ఆ తరవాత భయం మొదలైంది. ఇంటి తిండే పిల్లని చంపబోయిందని నలుగురికీ చెప్పాను కదా, ఆ మాట నిలబడాలంటే ఇంటి తిండికి నేను భయపడాలి. మొదట భయపడ్డట్టు కనిపించాను. అది ఎప్పుడు నిజం భయమైపోయిందో నాకే తెలియదు. నీళ్లు ఇరవై నిమిషాలు మరిగించేదాన్ని, చల్లారాక అనుమానం వచ్చి మళ్లీ మరిగించేదాన్ని. కూరగాయలు గులాబీ రంగు మందు నీళ్లలో నానేసేదాన్ని. ఈగ వాలిందా లేదా తెలియకపోతే వాలిందనే లెక్క. పాలు విరిగాయేమోనని రోజుకి నాలుగుసార్లు వాసన చూసేదాన్ని. అన్నం కంచంలో పెట్టాక కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అప్పుడు పిల్లకి ఇచ్చేదాన్ని. కాలనీలో తెలుగువాళ్ల అమ్మవారి పండగకి అందరూ బంతిలో కూచుంటే, మేం ముగ్గురం మా డబ్బా విప్పుకుని తినేవాళ్లం. "మా వంటలో విషం కలిపామనుకున్నావా" అని ఒకామె అడిగేసింది. "ఎవరికి తెలుసు" అన్నాను. ఆ మరుసటేడు మమ్మల్ని పిలవలేదు. పీడా పోయిందనుకున్నాను.

పక్కింటావిడ ఒకసారి చెప్పి చూసింది, "బాసీ ఖాయ్ లే కుఛూ నయీ హోవయ్, బహినీ." చద్ది తింటే ఏం కాదట. ఆ మాటకి ఆవిడతో రెండేళ్లు మాట్లాడలేదు.

పిల్ల చూస్తూ పెరిగింది. నేను వాసన చూసి ఇస్తే అది మళ్లీ వాసన చూసేది. తరవాత అడగడం మొదలుపెట్టింది, "మమ్మీ, ఇది కబ్ కా?" ఎప్పటిదని. ఇప్పుడే వండానంటే, "ఇప్పుడే అంటే ఎన్నింటికి?" అనేది. ఆ ప్లాస్టర్ ముక్కలు అప్పుడే మొదలుపెట్టాను, దానికి చూపించడానికి. చూసి, గడియారం చూసి, లెక్క వేసుకుని తినేది. తెలివైన పిల్ల అని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. పదో ఏట అన్నం గిన్నె మీద రాసిన టైముని కూడా నమ్మడం మానేసింది. "నువ్వు రాశావు కదా" అంది. బిస్కెట్ ప్యాకెట్ మీద తేదీ కంపెనీవాళ్లు అచ్చేస్తారు, అది నమ్మొచ్చు. ప్యాకెట్లో ఉన్నవి తప్ప ఏదీ తినేది కాదు. బలవంతంగా ముద్ద పెడితే చెంపలో దాచుకుని, బాత్రూంలోకి వెళ్లి ఉమ్మేది. బడికి పట్టుకెళ్లిన టిఫిన్ ఎవరికో ఇచ్చేసేది. పన్నెండేళ్లొచ్చేసరికి యూనిఫాం భుజాల మీంచి జారిపోతోంది. ప్రార్థనలో నిలబడి రెండుసార్లు పడిపోయింది. రక్తం లేదన్నారు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాల్సి వస్తుందన్నారు.

దాన్ని కొట్టాను. అది కూడా రాయాలి. ఒకరోజు అన్నం కంచం తోసేస్తే వీపు మీద రెండు వేశాను. ఎముక తగిలింది చేతికి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది, ఈగలకీ నీళ్లకీ వేసే భయం కాదు.

ఎవరో చెబితే మనసు డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్లాం. ఆమె పిల్లని అడిగింది, ఇంట్లో ఎవరు తింటుంటే చూడ్డం నీకిష్టం అని. పిల్ల ఆలోచించకుండా చెప్పింది, "నాన్నమ్మ. నాన్నమ్మ వాసన చూడదు. నోట్లో పెట్టేసుకుంటుంది." డాక్టరమ్మ నా వైపు తిరిగి, అయితే పిల్లని నాన్నమ్మ పక్కన కూచోబెట్టండి, ఒకే కంచంలో తిననివ్వండి అంది. ఇంత సులువైన మందుకి ఫీజెందుకని మా ఆయన దారి పొడవునా గొణిగాడు. నాకొక్కదానికే తెలుసు అదెంత కష్టమైన మందో.

ఆయన అడిగితే వాళ్లమ్మ వద్దంది. నేనడిగినా వద్దంది. "నా సేత్తోటి వద్దు. ఒకపాలి అయినాది సాలు. గుంట మళ్లీ పడిపోతే నాను బతకను" అంది. ఎనిమిదేళ్లయింది. ఆవిడ ఆ మాట నమ్మింది. నేను ఆస్పత్రిలో ఒక్క క్షణంలో అల్లేసిన మాటని ఆవిడ ఎనిమిదేళ్లు మోసింది. కుండ మళ్లీ పెట్టుకోలేదెందుకో నేనెప్పుడూ అడగలేదు. మొండితనం అనుకున్నాను.

చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ పిల్ల బిస్కెట్లూ నీళ్లూ తప్ప ఏమీ ముట్టలేదు. అయిదోరోజు మధ్యాహ్నం అత్త వరండాలో కూచుని లాల్ భాజీ ఏరుతోంది. ఎర్ర తోటకూర. ఎదురుగా కూచున్నాను. కూచుని చెప్పేశాను, బండి, గుప్‌చుప్, డాక్టరు, అన్నీ. ఆవిడ చేతులు ఆగలేదు. ఒక కట్టంతా ఏరడం అయ్యాక అడిగింది.

"ఎన్ని తిన్నాది?"

"ఆరు."

"నువ్వు?"

"పన్నెండు."

"నీకేటీ అవలేదా?"

"అవలేదు అత్తా."

"అయితే నీ బండిదే అయ్యుంటాది, లేపోతే నా కుండదే అయ్యుంటాది. ఎవులికి తెలుసు. అది నాను అడగట్లేదు." కాడలు ఒక పక్కకి తోసింది. "నాను కుండ ముట్టుకోడానికి భయపడ్డాను. నా సేతులు నానే సబ్బెట్టి తోముకుని, మళ్లీ సూసుకునేదాన్ని. నువ్వు కుండ ఒంపినప్పుడు నా మొకం సూసినావు. అప్పుడైనా సెప్పలేకపోనావా?"

తేలు కుట్టిన దొంగలా కూచున్నాను. ఆవిడ ఏడవలేదు, ఏడిస్తే ఓదార్చొచ్చని చూస్తున్నాను నేను, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

"గుంటకి నాను పెడతాను" అంది లేస్తూ. "నీ కోసం కాదు. నాను పెట్టినప్పుడు నువ్వు అక్కడుండకు. నీ ముక్కు సూస్తే గుంట తినదు. నా కొడుక్కి నువ్వే సెప్పుకో."

మా ఆయనకి చెప్పాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఇంతకీ పిల్లకి అదంతా గుర్తుంది. "చింతపండు నీళ్లు తాగా కదా" అంది మామూలుగా. దాన్ని ఎవరూ అడగలేదు అంతే.

నేను చెప్పిన రోజే అత్త కొత్త కుండ కొనుక్కొచ్చింది. పుట్టింటి పులుపు నేను కాలవలో పోసేశాను కాబట్టి, పక్కింటావిడ చద్దన్నం మీది నీళ్లు ఒక గ్లాసు అడిగి తెచ్చి అందులో పోసింది. నాలుగో రోజుకి పులిసింది. పొద్దున్నే ఇద్దరూ వరండాలో కూచున్నారు. నేను ముందు గదిలో, తలుపు వేసుకుని. ముందు ఏమీ వినపడలేదు. తరవాత ఉల్లిపాయ కొరికిన చప్పుడు. తరవాత "నాన్నమ్మా, ఖట్టా" అని, పుల్లగా ఉందని నవ్వు. తరవాత చాలాసేపు మాటల్లేవు. నోట్లో ముద్ద ఉన్నవాళ్లు మాట్లాడరు కదా. తలుపుకి నుదురు ఆనించి ఏడ్చాను. సంతోషం కొంత, మిగతాదంతా అసూయ. పిల్ల మొదట ఆ చద్దీ, తరవాత ఆవిడ స్టవ్వు మీది కూరలూ తింది. ఏడాదికి నా వంట దాకా వచ్చింది. బతికింది.

అత్త నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. నా జబ్బు కూడా పోలేదు, ప్లాస్టర్ ముక్కలు ఇప్పటికీ అంటిస్తున్నాను.

ఇప్పుడు నా కూతురు నయా రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తోంది. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రం ఏడింటికి వస్తుంది. రెండేళ్ల కిందట అత్త జారిపడి కుడి మణికట్టు విరిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. స్టవ్వు మూలన పడింది. నా వంట తినక ఆవిడకి వేరే దారి లేదు. పొద్దున్న ఎలాగూ తరవాణి తాగుతుంది. మూడున్నరకల్లా అన్నం పెట్టమంటుంది. కంచం పట్టుకెళ్తే మంచం మీంచి అడుగుతుంది, "ఎప్పుడుది?"

"ఇప్పుడే అత్తా. మూడింటికి వండాను."

వాసన చూస్తుంది. జీవితంలో ఎప్పుడూ ఏదీ వాసన చూడని మనిషి, నా కంచం మాత్రం ముక్కు దగ్గరికి తెచ్చుకుని, నా కళ్లలోకి చూస్తూ వాసన చూస్తుంది. "అక్కడెట్టు" అంటుంది. స్టూలు మీద పెట్టి మూత వేస్తాను. తినదు. ఆరింటికి వండి వేడిగా తెస్తానని ఒకసారి అన్నాను. "ముసలిదాన్ని ఎండగడతావేటి" అని వీధికి వినిపించేలా అరిచింది. నాలుగవుతుంది. అయిదవుతుంది. ఈగలొస్తే విసురుతుంది గానీ కంచం ముట్టదు, నన్ను తియ్యనివ్వదు. ఆరు దాటాక నేను వంటగదిలో నిలబడలేను, కూచోలేను.

ఏడింటికి నా కూతురు వస్తుంది. బ్యాగు దించి, చేతులు కడుక్కుని, మంచం మీద కూచుంటుంది. మూత తీసి ఒక ముద్ద కలిపి ముందు తను తింటుంది. "బాగుంది నాన్నమ్మా" అంటుంది. "నువ్వు సెప్పినావు కదా, అయితే పెట్టు" అని ఆవిడ నోరు తెరుస్తుంది. విరిగిన ఆ చేత్తో ముద్ద పట్టుకోలేదు కాబట్టి నా కూతురే పెడుతుంది. ఆవిడకొక ముద్ద, తనకొక ముద్ద.

కంచం అంచున నేను అంటించిన ప్లాస్టర్ ఉంటుంది, అన్నం, మూడు గంటలకి అని నా చేతిరాతతో. గడియారంలో ఏడుంపావు. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను, ఇద్దరి నోళ్ల వైపూ. వద్దనడానికి నాకు నోరు లేదు. కంచం ఖాళీ అయ్యేదాకా అత్త నన్ను చూస్తూనే నములుతుంది.